బుడతడికి వచ్చిన పేరు

పోర్ట్ బ్లెయిర్, డెయిరీ ఫారం
ఏప్రిల్ 7

మేరమ్మకు,

ప్రభువు నిన్నూ, కూతురినీ, అల్లుణ్ణీ చల్లగా కాపాడాలని కోరుకుంటూ మీ ఆయన రాస్తున్నది.

నేను ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. కేథరిన్‌కు చేస్తే "మమ్మీ సో రహీ హై నాన్నా" అంటుంది. పొద్దున్న పదింటికి నువ్వు నిద్రపోతున్నావంటే నేను నమ్మాలా? తెల్లారాక మంచం మీద ఉన్న మనిషివేనా నువ్వు? అందుకే ఈ ఉత్తరం. ఫెరార్గంజ్ బస్సు నడిపే మన గవరయ్య చేతికిచ్చి పంపుతున్నాను. అతని బస్సులో కొబ్బరికాయలు వెళ్ళాయి, ఎండుచేపలు వెళ్ళాయి, ఒకసారి కోడిపెట్ట కూడా వెళ్ళింది. ఉత్తరం ఒక బరువా. జవాబు కూడా అతనికే ఇవ్వు.

జూన్‌లో మన ఇవాన్ పోయి ఏడాది అవుతుంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలని పాస్టరు గారు అన్నారు. తల్లీ తండ్రీ ముందు వరసలో కూర్చోవాలి, ఇద్దరిలో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. మన సంఘంలో పద్ధతి నీకు నేను చెప్పాలా. సమాధి దగ్గర నువ్వొక పక్క, నేనొక పక్క నిలబడ్డాం. మర్నాడే బట్టలు సర్దుకుని కేథరిన్ ఇంటికి వెళ్ళిపోయావు. ఇప్పుడు ఆ బెంచీ మీద నేనొక్కడినే కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. రా, నా పక్కన కూర్చో. ఇంకేమీ అడగను.

ఇంకొక సంగతి. చెబితే నీకు కోపం, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత కార్ల పిచ్చి ఉన్న లోకనాథం గారు, విశాఖపట్నం ఆయన, కిందటేడు మే నెలలో కెమెరా పట్టుకుని మన షెడ్డుకు వచ్చాడే, ఆయన మళ్ళీ కబురు పెట్టాడు. మన బుడతడు కారు వెనకవైపు నుజ్జయినా ఫరవాలేదట. ఓడ మీద పంపితే బాగుచేయించి తన దగ్గర పెట్టుకుంటాడట. "ర్యాలీలు గెలిచిన జాతి అది, రాజు గారూ, తుప్పు పట్టనివ్వకండి" అంటున్నాడు. ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని అరుచుకుంటూ తిరగడం కాదని, కొండదారుల్లో మంచులో గడియారంతో పెట్టుకునే పందెమని, పెళ్ళైనప్పటి నుంచి నీకు చెబుతూనే ఉన్నాను. నువ్వు ఇప్పటికీ "అవును, జెండాలు" అంటావు.

ఆయనకు నేనింకా ఏమీ చెప్పలేదు. నువ్వు వచ్చాకే చెబుతాను.

జీవరాజు


ఫెరార్గంజ్
ఏప్రిల్ 16

జీవరాజు గారికి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. మీరు అడగలేదు, అయినా రాస్తున్నాను.

కేథరిన్‌కు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి దాపరికం లేకుండా రాయగలను.

మీ బండికి అంత పేరు ఉంది కదా. బజార్లో ఆగితే కాలేజీ పిల్లలు చుట్టూ మూగి "అంకుల్, క్యా గాడీ హై" అంటూ ఫోటోలు తీసుకునేవారు. మీరు మీసం సవరించుకునేవారు. ఆ ఫోటోల్లో ఎక్కడా నేను ఉండను, ఎందుకంటే నేను వెనకాల తోస్తూ ఉంటాను. చర్చికి పట్టుచీరలో బయల్దేరి బురదచీరలో దిగేదాన్ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మా అమ్మ మొదటిరోజే అంది.

వాన చినుకు పడితే ఆగిపోయే బండి అది. ముందున్న జాలీ వెనకాలే, ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా ఉంటుంది, నీళ్ళు నేరుగా వచ్చి దాని మీదే కొడతాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, మీరు చెప్పిందే. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన పడే ఈ దీవిలో ఆ బండిని పెట్టుకున్న మగాడు మీరొక్కరే.

దానికి రబ్బరు గ్లౌజు తొడగవచ్చని ఎవరో పాత మెకానిక్ చెబితే, ఆ పని కూడా చేసింది నేనే. నాలుగు ప్లగ్గుల తీగలు నాలుగు వేళ్ళలోంచి, పెద్ద తీగ బొటనవేలులోంచి. ఏటా వానలకు ముందు మెడికల్ షాపులో కొత్తది కొని, వేళ్ళ చివరలు కత్తిరించి, నేనే తొడిగేదాన్ని. అంత పేరున్న బండికి ఆవు పొదుగు తగిలించావేమిటని మీరు మొహం తిప్పుకునేవారు.

కిందటేడు కూడా తొడిగాను. ఈ చేతులతోనే. పోలీస్ స్టేషన్లో బండిని చూపించినప్పుడు బానెట్ తెరిచే ఉంది. గ్లౌజు లేదు.

అక్కను చూడటానికి వస్తున్నాడు నా బిడ్డ. వాన పడింది, డబ్బా తడిసింది, బండి రోడ్డు మలుపులో ఆగింది. దిగి చొక్కా అంచుతో డబ్బా తుడుస్తున్నాడు, చిన్నప్పుడు మీరు నేర్పినట్టే. వెనకాల వచ్చిన లారీ డ్రైవరుకు ఆ వానలో ఏమీ కనపడలేదు. లారీ గుద్దితే బండి వెళ్ళి వాడి మీద పడింది. తుడవడానికి వాడే గ్లౌజు తీసి ఉంటాడని మాత్రం అనకండి. గ్లౌజు ఉంటే దిగే పనే లేదు.

ఆ గ్లౌజు ఎవరు తీశారు? ఏడాదిగా ఇదే నా గొంతులో ఉంది. జవాబు రాయండి. ఆ తర్వాత కూడికలో లేచి, ఆ బండి ఆ పేరుకు తగింది కాదని అందరి ముందూ చెప్పండి. అప్పుడు వచ్చి మీ పక్కన కూర్చుంటాను. లేకపోతే ఆ రోజు ఇక్కడే ఉంటాను.

మేరమ్మ


పోర్ట్ బ్లెయిర్
ఏప్రిల్ 24

మేరమ్మకు,

నన్ను అను, పడతాను. బండిని అంటే మాత్రం ఊరుకోను. ఆ సంగతి నీకు తెలిసే అన్నావు.

పేరు ఊరికే రాదు. దాని నాలుగు చక్రాలూ నాలుగు మూలల్లో ఉంటాయి, మంచానికి కోళ్ళు ఉన్నట్టు. ముందు చక్రాలే లాగుతాయి. మలుపులోకి దించి కాలు తీయకుండా ఉంటే నేలను కరుచుకుని తిరుగుతుంది. వెడల్పు బండ్లూ, పొడుగు బండ్లూ ఆ మలుపులో బ్రేకు మీద ఎక్కి కూర్చుంటాయి. ఎంత పెద్ద ఇంజనున్నా ఏం లాభం? ర్యాలీల్లో అలాగే గెలిచింది. నేను చూడలేదు, పుస్తకాల్లో చదివాను. కానీ ఫెరార్గంజ్ దారిలో కంట్రాక్టరు సూరయ్య కొత్త జీపు నా వెనకే బయల్దేరి, మలుపులు అయిపోయేసరికి అద్దంలో కనపడకుండా పోయింది. అది నేను చూశాను. నువ్వు కూడా ఉన్నావు. "నెమ్మదిగా, నెమ్మదిగా" అని నా భుజం రక్కేశావు.

ఎవరో ఆఫీసరు ఓడ మీద తెచ్చుకుని, బదిలీ అయ్యాక వదిలేసిపోయిన బండి. నా చేతికి వచ్చేసరికి సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఒక్కొక్క ముక్కా విప్పి, కడిగి, బిగించాను. నీకు నొప్పులు వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఏది? ఆ రోజు వాన లేదు కాబట్టి ఆగలేదంటావు. సరే, వాన లేదు. ఇవాన్‌ను తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చింది ఏది? వాడికి మాటలు రాకముందే బుడతడి హారన్ గుర్తుపట్టి దోగాడుకుంటూ గుమ్మంలోకి వచ్చేవాడు. నువ్వే అందరికీ చెప్పేదానివి.

వానలో ఆగడం దాని బలహీనత, కాదనను. ఎంత గొప్ప పాటగాడికైనా జలుబు చేస్తుంది. అందుకని పాటే రాదంటామా? ఆ లారీ వచ్చి కొడితే దాని ముందు ఏ కారు ఉన్నా ఒకటే. ఎడ్లబండి ఉన్నా ఒకటే.

షెడ్డులో దాని మీద టార్పాలిన్ కప్పి ఉంచాను. రోజూ ఒకసారి తీసి చూస్తాను, మళ్ళీ కప్పేస్తాను. ఇంట్లో వంట చేసుకుంటున్నాను. పప్పు అడుగంటింది. గవరయ్య హారన్ కొడుతున్నాడు, ఇక ఉంటాను.

జీవరాజు


ఫెరార్గంజ్
ఏప్రిల్ 27

జీవరాజు గారికి,

చక్రాల గురించి రాశారు. జీపు గురించి రాశారు. పాటగాడి జలుబు గురించి రాశారు. మాడిన పప్పు గురించి కూడా రాశారు. అడిగిన దాని గురించి ఒక్క ముక్క లేదు.

వాణ్ణి తువ్వాల్లో తెచ్చిన సంగతి మీరు నాకు రాయకూడదు. అది వాదనలో వాడుకునే మాట కాదు. ఆ వాక్యం చదివి నేను వాకిట్లోకి వెళ్ళి కూర్చుంటే, కేథరిన్ వచ్చి అన్నం కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది.

గ్లౌజు ఎవరు తీశారు?

మేరమ్మ


పోర్ట్ బ్లెయిర్
మే 5

మేరమ్మకు,

నేనే తీశాను.

లోకనాథం గారు వీడియో తీసిన రోజు నువ్వు స్త్రీల కూడికకు వెళ్ళావు. ఇంజను చూపించమన్నారు. అంత పేరున్న బండికి రబ్బరు గ్లౌజు ఉంటే చూసేవాళ్ళు నవ్వుతారని తీసేశాను. మళ్ళీ తొడగడం మరిచిపోయాను. తప్పు నాది. వేరే ఎవరిదీ కాదు.

కూడికలో లేచి ఇదే చెబుతాను. ఆ బండి ఆ పేరుకు తగింది కాదని కూడా చెబుతాను. నువ్వు అడిగినవి రెండూ అయ్యాయి. వచ్చి నా పక్కన కూర్చో.

జీవరాజు


ఫెరార్గంజ్
మే 19

కేథరిన్ నాన్నకి,

మీ ఉత్తరం చదివి మొదట గుండె మండింది. చింపేద్దామనుకున్నాను. మర్నాడు మళ్ళీ చదివితే నమ్మబుద్ధి కాలేదు.

మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మీరు తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. పులుసులో ఉప్పు ఎక్కువేస్తే ఉప్పుదే తప్పన్నారు. గోడకు మేకు వంకరగా కొట్టి, గోడే వంకరన్నారు. అలాంటి మనిషి నాలుగు ముక్కల్లో "తప్పు నాది" అని, పైగా బండికి పేరు తగదని కూడా ఒప్పేసుకున్నాడు. బండిని అంటే ఊరుకోనన్నవారు పది రోజుల్లో ఎలా మారారు? "వేరే ఎవరిదీ కాదు" అని ఎందుకు రాశారు? వేరే ఎవరిదని నేను అడిగానా?

వీడియో రోజున నేను కూడికకు బయల్దేరేటప్పుడు గవరయ్య మన షెడ్డులోనే టీ తాగుతున్నాడని నాకు గుర్తొచ్చింది. బస్సు ఆగినప్పుడు వెళ్ళి పట్టుకున్నాను.

"దీదీ, నన్నడక్కండి. భయ్యాకి మాటిచ్చీసాను" అన్నాడు.

"ఏటని మాటిచ్చావు? నా బిడ్డ సంగతి నాకు చెప్పనని మాటిచ్చావా?" అన్నాను.

స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. బస్సు నిండా జనం, అందరూ చూస్తున్నారు. ఏడుస్తూనే చెప్పాడు. "కెమెరా సాబ్ బానెట్ ఎత్తమన్నాడు దీదీ. ఇవాన్ బాబు ఎత్తి, 'అరే, ర్యాలీ గెలిచిన బండికి గ్లౌజేటి, సిగ్గుచేటు, షరమ్ కీ బాత్ హై' అని నవ్వీసి పీకీసాడు. జేబులో పెట్టీసుకున్నాడు. భయ్యా అరిచాడు. 'ఒరే, అవ్వగానే మళ్ళీ తొడుగు, మీయమ్మ చూస్తే చంపుతాది' అన్నాడు. 'హా నాన్నా, తొడుగుతాను' అన్నాడు బాబు. ఆ మాట మీదే ఉన్నాం అందరం."

ఇదీ అతను చెప్పింది. నాకెందుకు అబద్ధం రాశారు? ఏడాదిగా మనసులో మిమ్మల్ని ఎన్నెన్ని అన్నానో మీకు తెలుసా? తెలిసి కూడా పడి ఉన్నారా?

మేరమ్మ


పోర్ట్ బ్లెయిర్
మే 26

మేరీ,

గవరయ్య ఉత్తరం ఇస్తూ తల ఎత్తలేదు. "మాఫ్ కర్నా భయ్యా, దీదీ అలా అడిగితే నా వల్ల కాలేదు" అన్నాడు. నీ ముందు నిలబడి నిజం దాచడం నా వల్లే కాదు, అతని వల్ల ఏమవుతుంది. టీ ఇప్పించి పంపాను.

అవును, వాడే తీశాడు. తొడగమన్నాను, తొడిగాడో లేదో చూడలేదు. నువ్వు వెళ్ళిపోయాక బట్టలు ఉతుకుతుంటే వాడి ప్యాంటు జేబులో దొరికింది. పెరట్లో కాల్చేశాను. లోకనాథం గారిని బతిమాలి వీడియోలో ఆ ముక్క తీయించాను. ఆయన కారణం అడగలేదు.

ఎందుకంటావా. బిడ్డ పోయిన తల్లికి ఎవరి మీదో ఒకరి మీద కోపం ఉండాలి. లారీ అతని మీద పెట్టుకుందామంటే, అతను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మనకన్నా ఎక్కువ ఏడ్చాడు. దేవుడి మీద నువ్వు కోపం పెట్టుకోవు. ఇక మిగిలింది నేను. నన్ను తిట్టడం నీకు అలవాటే, పడటం నాకూ అలవాటే. వాణ్ణి తిట్టుకోవాల్సి వస్తే మాత్రం ఇద్దరం బతకలేం. చచ్చిపోయిన బిడ్డ మీద తప్పు వేసి, ఈ ఇంట్లో నేను ఏ మొహంతో అన్నం తినను?

ఇంకొకటి, అది మొత్తం అబద్ధం కూడా కాదు. ర్యాలీ గెలిచిన బండి అనే మాట వాడికి ఎవరు నేర్పారు? వాడి నోట్లో పెట్టిన ప్రతి ముద్దతో పాటు ఆ మాట కూడా పెట్టాను. నువ్వు తొడిగిన గ్లౌజును చూసి మొహం తిప్పుకున్నది కూడా వాడి ముందే. వాడికి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది మేరీ? నా దగ్గర నుంచే కదా.

బండి సంగతి అడిగావు. ఈసారి పౌరుషం లేకుండా చెబుతాను. ఆ పేరుకు తగిన బండే. మంచి చలిదేశంలో, పొడి రోడ్డు మీద, మంచు మీద, దాన్ని కొట్టిన చిన్నబండి లేదు. కానీ దాని పేరు అక్కడిది. ఇక్కడి వానకు ఆ పేరు తెలియదు. నేను ఆ పేరునే చూశాను, ఆకాశాన్ని చూడలేదు. ఇన్నేళ్ళ మెకానిక్ పని చేసి ఇంత చిన్న సంగతి ఇప్పుడు అర్థమవుతోంది.

నిన్ను రమ్మని అడిగే హక్కు నాకు ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఇల్లు చాలా పెద్దదైపోయింది. సాయంత్రం అయితే వాడి బూట్ల చప్పుడు వినపడినట్టు ఉంటుంది, లేచి తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు.

జీవరాజు


ఫెరార్గంజ్
జూన్ 3

ఇవాన్ నాన్నకి,

ఈ పిలుపు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మీ ఉత్తరం చదువుతుంటే కేథరిన్ వచ్చి "క్యా హువా మమ్మీ" అంది. ఉల్లిపాయలు కోస్తున్నానన్నాను. చేతిలో ఉల్లిపాయ లేదు, కాగితమే ఉంది. పాపం, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. ఏడాదిగా మీ మీద కోపమే నన్ను నిలబెట్టింది. పొద్దున్న కళ్ళు తెరవగానే మిమ్మల్ని తిట్టుకునేదాన్ని, ఆ తర్వాతే పళ్ళు తోముకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు తెరిచాక ఏం చేయాలో తెలియడం లేదు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. వాడు నవ్వుతూ జేబులో పెట్టుకోవడమే కనపడుతోంది. ఒక్క నిమిషం పని, మళ్ళీ తొడిగితే సరిపోయేది. నేనైనా కూడిక నుంచి వచ్చాక ఒకసారి బానెట్ ఎత్తి చూడవచ్చు కదా. చూడలేదు. నిజం పట్టుబట్టి తెలుసుకుని నేను బాగుపడింది ఏమీ లేదు.

బండిని లోకనాథం గారికి ఇచ్చేయండి. బాగుచేయించుకుని, మెరిపించుకుని, పదిమందికి చూపించుకోమనండి. దానితో నాకిక పోట్లాట లేదు. నేను చూడలేను, అంతే. ఓడ ఎక్కించేటప్పుడు హార్బర్‌కు మీరొక్కరే వెళ్ళకండి, గవరయ్యను తోడు తీసుకెళ్ళండి.

కూడికకు వస్తున్నాను, మొదటి బస్సులో. మీరు నాకు రాసిన అబద్ధమే అక్కడ చెప్పండి. గ్లౌజు మీరే తీశారనీ, బండి ఆ పేరుకు తగింది కాదనీ చెప్పండి. వాడి స్నేహితులు వస్తారు, వాళ్ళ అమ్మలు వస్తారు. "తన చేత్తో తనే తీసుకున్నాడట" అని ఒక్కరు కూడా నా బిడ్డ గురించి అనుకోకూడదు. అబద్ధ సాక్ష్యం పాపమని సండే స్కూల్లో పిల్లలందరికీ నేర్పింది నేనే. ఇవాన్‌కు కూడా నేనే నేర్పాను. ఆ పాపంలో సగం నా పేర రాయించుకుంటాను.

మీరు చెప్పాక జనం మిమ్మల్ని ఎలా చూస్తారో నాకు తెలుసు. ఏడాదిగా నేనూ అలాగే చూశాను. వాళ్ళు అలా చూస్తున్నంతసేపూ నేను మీ పక్కనే కూర్చుని ఉంటాను. ఆ తర్వాత ఇంటికి వస్తానా అని ఇప్పుడు అడగకండి. తలుపు తీస్తే వాడు లేని ఇల్లు మీకు అలవాటైంది, నాకింకా కాలేదు.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. లేచి మాట్లాడేటప్పుడు నా వైపు చూడకండి. చూస్తే నేను కూడా లేచి నిజం చెప్పేస్తాను.

మేరమ్మ